థర్మోస్టాట్ లేకుండా హీట్ మ్యాట్ పెట్టొచ్చా? బాల్ పైథాన్ ట్యాంకులో వేడి సంగతి

అడిగింది ఇదీ: ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయి పన్నెండో పుట్టినరోజుకి బాల్ పైథాన్ అనే కొండచిలువ పిల్లని తెచ్చాం. 40 గ్యాలన్ల అద్దం ట్యాంకు, పైన జాలీ మూత. అడుగున ఒక పక్క హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలచని షీటు) అంటించి నేరుగా ప్లగ్‌లో పెట్టాం. రాత్రిళ్ళు ఎర్ర బల్బు వేస్తున్నాం. అద్దానికి అంటించిన ముల్లు మీటరు 80 ఫారెన్‌హీట్ చూపిస్తోంది. పాము రోజంతా మ్యాట్ ఉన్న మూలే చుట్టచుట్టుకుని పడుకుంటోంది. రెండు వారాలుగా తినలేదు. నిన్న చూస్తే పొట్ట కింద లేత గోధుమరంగు మచ్చ ఉంది. షాపులో థర్మోస్టాట్ (వేడిని చూసుకుంటూ హీటర్‌కి కరెంటు ఇచ్చే, ఆపే పరికరం) అక్కర్లేదన్నారు. 60 డాలర్ల పాముకి 100 డాలర్ల థర్మోస్టాట్ నిజంగా అవసరమా? డిసెంబర్లో మూడు వారాలు ఇండియా వెళ్తున్నాం, అప్పుడెలా?

ముందు చదవడం ఆపి, వెళ్ళి ఆ మ్యాట్ ప్లగ్ పీకేసి రండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పీకేశారు కదా. ఈ రాత్రికి పైన బల్బు ఉండనివ్వండి, ఎర్రదైనా సరే. మీ ఇల్లు 70 డిగ్రీల దగ్గర ఉంటే ఒక్క రాత్రి చలికి పాముకి ఏమీ కాదు. ఒక్క రాత్రి వేడికి మాత్రం చాలా అవుతుంది. ట్యాంకు నేల మీద పరిచిన పొట్టు తీసేసి తెల్ల పేపర్ టవల్స్ పరవండి, మచ్చ తడి కారుతోందా లేదా అందులో తెలుస్తుంది. మేత పెట్టకండి. రేపు సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్‌కి ఫోన్ చేయండి. కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూసే డాక్టరు వద్దు. మీరు చెప్పిన చోట, ఆ రంగులో మచ్చ అంటే కాలిన మచ్చే అయ్యుండే అవకాశం ఎక్కువ. పొలుసులు గులాబీ రంగుకి తిరిగినా, నీటిపొక్కులు కనిపించినా రేపటిదాకా కూడా ఆగొద్దు. మన అలవాటు కొద్దీ పసుపు, వెన్న, ఇంట్లో ఉన్న కాలిన గాయాల ఆయింట్‌మెంటు అద్దకండి. నొప్పి తగ్గించే మందు కలిపిన మనుషుల ఆయింట్‌మెంట్లు కొన్ని పాములకి విషంతో సమానం.

నేను డెట్రాయిట్ పక్కన ఉంటాను. పద్నాలుగేళ్ళుగా బాల్ పైథాన్లని పెంచుతున్నాను, ప్రస్తుతం మూడున్నాయి. ఉద్యోగం కార్ల ఫ్యాక్టరీలో కంట్రోల్ ప్యానెల్స్ మీద. కాబట్టి థర్మోస్టాట్ గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓపిక పట్టండి.

మీ ప్రశ్నలో అందరూ తిరగేసి అర్థం చేసుకునే సంగతి ఒకటుంది. పాము కాలింది మ్యాట్ వేడి వల్ల మాత్రమే కాదు, ట్యాంకులో మిగతా చోటంతా చల్లగా ఉండటం వల్ల. హీట్ మ్యాట్ తాను ఆనుకున్న అద్దాన్ని వేడెక్కిస్తుంది గానీ గాలిని వేడెక్కించదు. పైన జాలీ మూత, ఉన్న కాస్త వెచ్చదనమూ అందులోంచి పైకి పోతుంది. ఇక పాముకి మిగిలేదేమిటి? గది చలి, లేకపోతే ఆ అరడుగు అద్దం. ఒళ్ళు వేడెక్కాలని వెళ్ళి అక్కడే పడుకుంటుంది. పొట్ట కింద కాలుతున్నా, వీపు మీద ఇంకా చలే. అందుకే కదలదు. మనం అయితే వేడి పెనం మీద చెయ్యి పడగానే లాక్కుంటాం, పాము అలా లాక్కోదు. అడుగు నుంచి వచ్చే వేడిని అపాయంగా తీసుకోవడం దానికి రాదు. వేడి రాళ్ళ మీద పడుకుని పొట్ట మాడ్చుకున్న పాముల్ని సరీసృపాల డాక్టర్లు ఏళ్ళ తరబడి చూస్తున్నారు. హీట్ రాక్ పేరుతో అమ్మే ప్లాస్టిక్ బండని ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

ఈ జంతువు ఎక్కడిదో కాస్త తెలుసుకుంటే సగం సందేహాలు తీరిపోతాయి. బాల్ పైథాన్ సొంత ఊరు పశ్చిమ ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి ఏళ్ళుగా బయటికి ఎగుమతి అయ్యింది. పగలంతా ఎలుక బొరియల్లోనూ చెదపుట్టల్లోనూ ఉంటుంది, రాత్రి బయటికొస్తుంది. చీమలు కట్టిన పుట్టలో పాము చేరిందని మనవాళ్ళు ఊరికే అనలేదు, చీమల బదులు చెదలు అనుకుంటే దీని విషయంలో అక్షరాలా నిజం. పుట్టలో ఏముంటుంది? చుట్టూ అన్ని వైపుల నుంచీ నిదానమైన వెచ్చదనం, కాస్త చెమ్మ, చీకటి. మనం ట్యాంకులో తయారు చేయాల్సింది ఆ వాతావరణాన్ని. ఒక మూల పెనం, మిగతా అంతా ఫ్రిజ్ అన్నట్టు ఉంటే కుదరదు.

అంకెలు చెప్తాను. వెచ్చని వైపు, పాము పడుకునే చోట నేల మీద 88 నుంచి 92 డిగ్రీల ఫారెన్‌హీట్. మనూరి లెక్కలో 31 నుంచి 33. చల్లని వైపు 76 నుంచి 80. రాత్రి ఏ మూలా 75కి దిగనివ్వకండి. 95 దాటిన చోట పాము ఎక్కువసేపు ఉండకూడదు. గాలిలో తేమ 60 శాతానికి పైనే ఉండాలి. రెండు వైపులా తేడా ఎందుకంటే, పాము తన ఒంటి వేడిని తానే సర్దుకుంటుంది. తిన్నాక వెచ్చటి వైపు చేరుతుంది, అరిగాక ఇవతలికొస్తుంది. ట్యాంకు చల్లగా ఉంటే లోపల మేత అరగదు, కుళ్ళుతుంది, బయటికి కక్కేస్తుంది. మీ పిల్ల రెండు వారాలుగా తినకపోవడానికి బెంగ కన్నా చలే పెద్ద కారణం అనుకుంటున్నాను. వేడి సరైతే ఆకలి చాలావరకు దానంతటదే వస్తుంది, కాలిన గాయం పెద్దది కాకపోతే.

ఇప్పుడు మీ ముల్లు మీటరు. దాన్ని పీకి అవతల పారేయండి. అది చూపిస్తున్న 80, అద్దానికి సగం ఎత్తులో గాలి సంగతి. అది కూడా నిజమని గ్యారంటీ లేదు. పాము గాలిలో వేలాడదు, నేల మీద పడుకుంటుంది. తాడు లాంటి వైరు చివర మొన ఉండే డిజిటల్ థర్మామీటర్లు రెండు కొనండి, వైపుకొకటి. ఇరవై డాలర్లలో దొరికే ఇన్‌ఫ్రారెడ్ టెంపరేచర్ గన్ కూడా ఒకటి తీసుకోండి. కోవిడ్ రోజుల్లో నుదుటికి పెట్టిన గన్ ఇంట్లో ఉందని దాన్ని వాడకండి. అది మనిషి జ్వరం కొలవడానికి చేసింది, ఆ కొద్ది డిగ్రీల మధ్యే పనిచేస్తుంది, అద్దం మీద చూపించేదంతా అబద్ధమే. వంటింట్లో పెనం వేడి చూసుకునే రకం కావాలి. అది చేతికొచ్చాక ఒక పరీక్ష చేయండి. పాముని డబ్బాలో పెట్టి, మ్యాట్‌ని ఇప్పుడున్నట్టే నేరుగా ప్లగ్‌లో పెట్టి రెండు గంటలు ఆగండి. పొట్టు పక్కకి తోసి అద్దం మీద గన్ కొట్టండి. 110 దాటి చూపిస్తే నాకు ఆశ్చర్యం ఉండదు. పొట్టు పైన మాత్రం 85 అంటుంది. పాము రాత్రి పొట్టు తవ్వుకుని అద్దం దాకా పోతుంది. మచ్చ అక్కడ పుడుతుంది.

థర్మోస్టాట్ అవసరమా అంటే, అసలు కొనాల్సింది అదే. మ్యాటూ బల్బూ దాని కింద నౌకర్లు. హీటర్‌కి బుద్ధి లేదు. ఎంత కరెంటు ఇస్తే అంత కాలుతుంది. గది 60కి పడినా 80కి పెరిగినా దానికి తెలీదు. చిన్న మ్యాట్‌కీ, వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సెరామిక్ ఎమిటర్‌కీ ఆన్, ఆఫ్ అయ్యే మామూలు థర్మోస్టాట్ చాలు. నలభై డాలర్ల లోపు వస్తుంది. వెలుగిచ్చే హాలోజన్ బల్బుకి అది పనికిరాదు, రోజంతా మిణుకు మిణుకుమంటుంది, బల్బు తొందరగా పోతుంది. దానికి కరెంటుని తగ్గిస్తూ పెంచుతూ నడిపే డిమ్మింగ్ రకం కావాలి. మీరు విన్న 100 డాలర్ల ధర దానిదే అయ్యుంటుంది. నన్నడిగితే డిమ్మింగ్‌దే కొనండి. ఇంకో విషయం, ఈ పాము 60 డాలర్లదే కావచ్చు గానీ బాగా చూసుకుంటే ముప్ఫై ఏళ్ళుంటుంది. సెయింట్ లూయిస్ జూకి 1961లో వచ్చిన బాల్ పైథాన్ ఒకటి 2020లో గుడ్లు పెట్టింది. మీ అబ్బాయి పెళ్ళికి కూడా ఇది ఉంటుందని లెక్క వేసుకోండి.

ఎన్నో వేల డాలర్ల యంత్రాల్లో కూడా అసలు గొడవ ఎప్పుడూ సెన్సార్ దగ్గరే మొదలవుతుంది. ఇక్కడా అంతే. నేను ఆ సంగతి తెలిసీ మోసపోయాను. 2014 జనవరిలో పోలార్ వోర్టెక్స్ వచ్చి మా డెట్రాయిట్ చుట్టుపక్కల ఉష్ణోగ్రత ఫారెన్‌హీట్ సున్నా కిందకి పడిపోయిన వారం. మా మొదటి పాము లడ్డూ, భయపడితే ఉండలా చుట్టుకుంటుందని మా అమ్మాయి పెట్టిన పేరు. థర్మోస్టాట్ ఉంది, మంచిదే. దాని ప్రోబ్‌ని, అంటే వేడి కొలిచే వైరు చివరి సెన్సార్‌ని, ట్యాంకు లోపల సెల్లో టేపుతో నేలకి అంటించాను. రాత్రి లడ్డూ అటూ ఇటూ పాకి టేపు ఊడదీసింది. ప్రోబ్ వెళ్ళి నీళ్ళ గిన్నె పక్కన పడింది. అక్కడ 66. నేను పెట్టిన సెట్టింగ్ 90. థర్మోస్టాట్ పాపం తన డ్యూటీ తాను చేసింది. ఇంకా చల్లగా ఉందనుకుని రాత్రంతా మ్యాట్‌ని ఫుల్లుగా కాల్చింది. పొద్దున్న లేచి గన్ కొడితే లడ్డూ పడుకున్న గూడు కింద 118. అది అక్కడే ఉంది. ఇవతలికొస్తే 66 మరి.

పొట్ట కింద ఏడు పొలుసులు గులాబీ రంగుకొచ్చాయి, రెండు రోజులకి గోధుమ రంగు. మెడకి అతుక్కున్న టేపు ఇంకో నరకం. దాన్ని లాగితే పొలుసులతో సహా ఊడొస్తుంది. దూదిని వంటనూనెలో ముంచి అంచుల మీద అద్దుతూ అరగంట కూర్చున్నాను, మా ఆవిడ టార్చ్ పట్టుకుంది. డాక్టరు మందు రాసిచ్చారు. మూడు కుబుసాలు విడిచాక గానీ పొట్ట మామూలు కాలేదు. ఇప్పటికీ ఒక పొలుసు వంకరే. ఆ రోజు నుంచి మా ట్యాంకుల్లో ఏ టేపూ లోపలికి వెళ్ళదు.

కాబట్టి మ్యాట్ వాడుతూనే ఉండాలనుకుంటే ప్రోబ్‌ని లోపల కాకుండా బయట, మ్యాట్‌కీ అద్దానికీ మధ్య పెట్టండి. పాము అందుకోదు, నీళ్ళు తగలవు, పొట్టు మందం మారినా లెక్క మారదు. థర్మోస్టాట్‌ని తిప్పుతూ లోపల అద్దం మీద గన్‌తో 90 వచ్చేలా సర్దండి. థర్మోస్టాట్ మీది అంకె 94 అన్నా 97 అన్నా పట్టించుకోకండి, మనకి కావాల్సింది పాము పొట్ట తగిలే చోటి అంకె. మ్యాట్ నేల వైశాల్యంలో మూడో వంతు మించకూడదు. ట్యాంకు నాలుగు మూలలా రబ్బరు కాళ్ళు పెట్టి కింద గాలి ఆడనివ్వండి. టేబుల్‌కి ఆనించి నొక్కేస్తే వేడి లోపలే చిక్కుకుంటుంది, అద్దం పగిలిన కేసులున్నాయి. అన్నట్టు, ఒకసారి అంటించిన మ్యాట్‌ని పీకి మళ్ళీ ఇంకో ట్యాంకుకి అంటించకండి. లోపలి తీగ మడత పడితే ఆ మడత దగ్గరే మాడుతుంది.

అయినా మీ ట్యాంకుకి, మీ చలికి మ్యాట్ ఒక్కటే సరిపోదు. వేడి పై నుంచి రావాలి. ఎర్ర బల్బు తీసేయండి. రాత్రి ఎర్ర వెలుగు పాముకి కనపడదని షాపుల్లో చెప్తారు, అది కాదు. బాల్ పైథాన్ పెదవుల మీద చిన్న గుంటలుంటాయి, ఎలుక ఒంటి వేడిని వాటితోనే పసిగడుతుంది, చీకట్లో వేటాడే అలాంటి జంతువుకి రాత్రంతా నెత్తిన ఎర్ర దీపం ఎందుకు? వెలుగు లేని సెరామిక్ హీట్ ఎమిటర్ 100 వాట్లది గానీ, డీప్ హీట్ ప్రొజెక్టర్ 80 వాట్లది గానీ పెట్టండి. రెండోది ఒంటి లోపలికి వేడి బాగా దించుతుంది, గాలిని తక్కువగా ఎండగడుతుంది, నాకు అదే ఇష్టం. ఏది పెట్టినా పింగాణీ హోల్డరే ఉండాలి. సెరామిక్ ఎమిటర్ ముఖం 200 సెల్సియస్ దాటుతుంది, ప్లాస్టిక్ హోల్డరు కారిపోతుంది. జాలీ పైన బయట పెడుతున్నారు కాబట్టి మీకు లోపల గార్డు అక్కర్లేదు. కానీ దాని కింద ఎనిమిది పది అంగుళాల దాకా పాము ఎక్కగలిగే కొమ్మ ఉండకూడదు. బాల్ పైథాన్ బద్ధకస్తురాలని పేరే గానీ రాత్రి రెండింటికి జాలీకి ముక్కు ఆనించి నిలబడటం నేను చూశాను. ట్యాంకు లోపలే బల్బు వేలాడదీసేవాళ్ళు మాత్రం చుట్టూ సన్నకన్నుల తీగ పంజరం పెట్టి తీరాలి, లేదంటే వెళ్ళి చుట్టుకుంటుంది.

దీపం, అంటే పైన పెట్టిన ఆ హీటరు, కింద ఉన్న చోటు వదిలి, మూతలో మిగతా ముప్పాతిక భాగం అల్యూమినియం రేకు టేపుతో పై నుంచి మూసేయండి. లోపలి వైపు టేపు రాకూడదు, పైన చెప్పాను కదా. వెనకా రెండు పక్కలా అంగుళం మందం ఫోమ్ బోర్డు ఆనించండి, మ్యాట్‌కీ దీపానికీ దూరంగా. ఈ పదిహేను డాలర్ల పనితో నా ట్యాంకులో చల్లని వైపు 71 నుంచి 77కి వచ్చింది, హీటరు మార్చకుండానే. తేమ కూడా ఆగింది. దాక్కునే గూళ్ళు రెండు ఒకేలాంటివి పెట్టండి, వైపుకొకటి. వెచ్చటి వైపు ఒక్కటే పెడితే భద్రత కోసం వేడిని భరిస్తూ అక్కడే కూర్చుంటుంది.

ఇంటి భద్రత గురించి ఒక్క మాట, పాము కంటే ఇది ముఖ్యం. దీపం గొడుగుని జాలీ మీద ఊరికే బోర్లించి వదిలేయకండి, పిల్లి దూకినా పిల్లాడి మోచెయ్యి తగిలినా కార్పెట్ మీద పడుతుంది. సీలింగ్ నుంచి గొలుసుతో కట్టండి. పక్కన కర్టెన్ ఉండకూడదు. గదిలో పొగ అలారం పనిచేస్తోందో లేదో బటన్ నొక్కి చూడండి. వైరు ప్లగ్ కన్నా కిందకి జారి మళ్ళీ పైకి వెళ్ళేలా వదలండి, పొట్టు మీద చల్లిన నీళ్ళు వైరు వెంబడి జారినా ఆ కింద వంపు దగ్గరే చుక్కలుగా పడిపోతాయి, సాకెట్‌లోకి వెళ్ళవు. ఎక్స్‌టెన్షన్ బోర్డులోంచి ఇంకో ఎక్స్‌టెన్షన్ వద్దు.

కరెంటు బిల్లు భయం ఉందేమో, 100 వాట్లు రోజంతా ఆగకుండా కాలినా 2.4 యూనిట్లు. థర్మోస్టాట్ ఉంటే అంతకంటే తక్కువే కాలుతుంది.

థర్మోస్టాట్ కూడా చెడిపోతుంది. మామూలు రకాల్లో రిలే ఉంటుంది, అది రోజుకి వందల సార్లు టక్కుమని మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటుంది. ఏదో ఒక రోజు ఆ రెండు కొసలూ అతుక్కుపోతాయి. అతుక్కుంటే ఆఫ్ అవ్వదు, ఆన్‌లోనే ఉండిపోతుంది. ఫ్యాక్టరీలో మేం చేసేదే ఇంట్లోనూ చేశాను. మొదటి థర్మోస్టాట్ ప్లగ్‌ని ఇంకో చవక థర్మోస్టాట్‌లో పెట్టి, దాన్ని నాలుగు డిగ్రీలు ఎక్కువకి సెట్ చేశాను, రెండింటి ప్రోబ్‌లూ ఒకే చోట. మొదటిది పనిచేస్తున్నంత కాలం రెండోది నిద్రపోతుంది. మా ఆవిడ దానికి అత్తగారని పేరు పెట్టింది. పన్నెండేళ్ళలో ఒక్కసారి లేచింది, 2019లో. ఆ ఒక్కసారితో డబ్బు వసూలైంది. అవసరానికి మించిన వాట్ల హీటర్ కొనకపోవడం కూడా ఇలాంటి జాగ్రత్తే. 80 వాట్లతో సరిపోయేచోట 150 పెడితే, థర్మోస్టాట్ పోయిన రోజున ట్యాంకు పొయ్యి అవుతుంది.

మంచు తుఫానులో కరెంటు పోతే కంగారు పడకండి. ట్యాంకుని రెండు దుప్పట్లతో కప్పండి. సీసాల్లో వేణ్ణీళ్ళు పోసి, చేత్తో పట్టుకోగలిగేంత వేడిగానే, తువ్వాలులో చుట్టి అద్దం బయట ఆనించండి. ఎక్కువ గంటలయ్యేలా ఉంటే పాముని గుడ్డసంచీలో వేసి, గాలికి కన్నాలున్న థర్మోకోల్ డబ్బాలో పెట్టండి. జేబులో పెట్టుకునే హ్యాండ్ వార్మర్లు డబ్బా లోపల పాముకి తగిలేలా పెట్టొద్దు, అవి 120 దాటగలవు. కడుపులో మేత లేని పాము 65 డిగ్రీల్లో ఒక రోజు ఉండగలదు. తిన్న మర్నాడే కరెంటు పోతే కక్కుతుందేమో చూడండి. కక్కితే రెండు వారాల దాకా మళ్ళీ మేత వద్దు.

ఇక ఇండియా ప్రయాణం. మూడు వారాలు మేత లేకపోయినా పాము ఉంటుంది, నీళ్ళు లేకుండా ఉండలేదు. వెళ్ళే ముందు పదిరోజుల నుంచి మేత ఆపండి, తిన్న కడుపుతో ఎవరి చేతిలోనూ పెట్టకూడదు. ఎవరైనా స్నేహితుడికి తాళం ఇచ్చి రెండు రోజులకోసారి వచ్చి నీళ్ళు మార్చి, గన్‌తో రెండు చోట్ల కొట్టి ఫొటో పంపమనండి. పాముని ముట్టుకోనక్కర్లేదని ముందే చెప్తే మనవాళ్ళలో కూడా ఎవరో ఒకరు ఒప్పుకుంటారు, నాకు దొరికింది మా గుంటూరాయన, ఆయన ట్యాంకు వైపు చూడకుండానే నీళ్ళు పోస్తాడు. పాతిక డాలర్లకి వైఫై థర్మామీటర్ వస్తుంది, 74కి తగ్గినా 94 దాటినా ఫోన్ మోగేలా పెట్టుకోండి. టైము తేడా వల్ల అది విజయవాడలో మిట్ట మధ్యాహ్నం భోజనాల దగ్గర మోగుతుంది, స్నేహితుడికి అది అర్ధరాత్రి, కాబట్టి ఆయన ఫోన్‌లో కూడా ఆ యాప్ ఉండాలి. ఖాళీ ఇల్లే కదా అని గ్యాస్ బిల్లు మిగుల్చుకోవడానికి ఇంటి హీటింగ్‌ని 55కి తగ్గించే అలవాటు మనకి ఉంది. ఈసారి 68 వదిలి వెళ్ళండి. దీపం ఎంత మంచిదైనా 55 డిగ్రీల గదిని గెలవలేదు.

పాముని వెంట ఇండియా తీసుకెళ్ళొచ్చా అని మీ అబ్బాయి అడుగుతాడు, మా అమ్మాయి అడిగింది. కుదరదు. బాల్ పైథాన్, అడవి జంతువుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, సరిహద్దు దాటాలంటే పర్మిట్లు కావాలి. ఊళ్ళో ఇంకొకటి పట్టుకుందామంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడి పాముల్ని ఇంట్లో పెంచడం నేరం.

గన్ రాగానే మూడు అంకెలు తీసి ఇక్కడ రాయండి: వెచ్చటి వైపు అద్దం మీద ఎంత, పొట్టు మీద ఎంత, చల్లటి గూడు లోపల ఎంత. డాక్టరు మచ్చ చూసి ఏమన్నారో కూడా చెప్పండి. అవి చూశాక ఏ వాట్లది కొనాలో ఖాయం చేద్దాం, అందాకా 150 వాట్లది మాత్రం కొనకండి.